సర్కారు సొమ్ము, రేడియో గొంతు

నిజాంసాగర్ నీళ్లు, ఆ ఆయకట్టులో పండిన చెరుకు, దానికోసం 1937లో బోధన్‌లో వెలిసిన చక్కెర ఫ్యాక్టరీ నిజామాబాద్ జిల్లా బతుకును మార్చేశాయి. అదే కాలంలో, 1935లో, దక్కన్ రేడియో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. రేడియోకు ఖర్చయ్యేది ప్రజల సొమ్మే అయినా, ప్రజల కోర్కెలు వినాలంటే సభలకూ సొంత పత్రికలకూ పోవాల్సిందే. 1937లో నిజామాబాద్‌లో జరిగిన ఆరో ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన మందుముల నర్సింగరావు 'రయ్యత్' అనే ఉర్దూ పత్రిక నడిపినవాడు. 1947-48లో దక్కన్ రేడియో, నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళమైన రజాకార్ల ప్రచారానికి గొంతైంది. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో విలీనం కావాలని రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో నరికి చంపారు. సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు ప్రకటన వినిపించింది కూడా ఆ దక్కన్ రేడియోలోనే. ఏలిక దారి మారగానే రేడియో మాటా మారింది.

దీన్నిబట్టి ప్రజాధనమే పక్షపాతానికి మూలమని తేల్చేయడం తప్పు. లోపం ఖజానాకూ వార్తల గదికీ నడుమ గట్టు లేకపోవడంలో ఉంది. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. యజమాని మారినా ప్రభుత్వ శాఖగా నడిచే పద్ధతి మారలేదు. అందుకే 1975 ఎమర్జెన్సీలో ఆకాశవాణి ఏలినవారి వాణి అయింది. స్వతంత్ర సంస్థ కావాలని 1978లో వర్గీస్ కమిటీ చెప్పింది. 1990లో చేసిన ప్రసార భారతి చట్టం 1997లో గానీ అమలుకు రాలేదు. బోర్డు ఎంపిక ఉపరాష్ట్రపతి నాయకత్వంలోని కమిటీకి అప్పగించారు కానీ, నిధుల కోసం కేంద్రం వైపు చూడటం తప్పలేదు.

అలాంటప్పుడు ప్రభుత్వ నిధులు ఆపేసి అంతా మార్కెట్‌కే వదిలేయొచ్చు కదా అంటారు. కానీ ప్రైవేటు పత్రికలకూ ప్రభుత్వ ప్రకటనల రూపంలో ప్రజాధనం అందుతూనే ఉంది. వాటిని పార్టీ ప్రచారానికి వాడరాదని 2015లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. పైగా పసుపుకు పట్టిన తెగులు గురించి చెప్పడానికి ప్రకటనదారు ఎవరు ముందుకొస్తారు? ఆ పని నిజామాబాద్ ఆకాశవాణి లాంటి స్థానిక కేంద్రాలదే. జనం ఎన్నుకున్న ప్రభుత్వం తన రేడియోలో తన మాట చెప్పుకుంటే తప్పేమిటన్నది మరో వాదన. కానీ ఆ ప్రభుత్వానికి ఓటు వేయనివాడూ పన్ను కడుతున్నాడు. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడితే ప్రభుత్వం, యాజమాన్యం, కార్మికులు, చెరుకు రైతులు ఎవరి మాట వారికి ఉంది. అందరి పన్నుతో నడిచే సంస్థ నలుగురి మాటా వినిపించి తీరాలి. అందుకు నిధులను కొన్నేళ్లకు ఒకేసారి చట్టంతో ఖరారు చేయాలి, నియామకాల్లో ప్రతిపక్షానికీ చోటివ్వాలి.