ఉత్తరాన ఎరుపు

చండ్రుగొండ అడవి అంచు పల్లెల్లో ఆకురాలు కాలంలో రాత్రిపూట ఆకాశం ఎర్రబడితే కార్చిచ్చేనంటారు. ఇంకొకటి ఎవరికి తోస్తుంది?

1872 ఫిబ్రవరి 4 రాత్రి బొంబాయివారు చూసిన ఎరుపు మాత్రం నిప్పు కాదు, ధ్రువకాంతి! బొంబాయి చండ్రుగొండకంటే ఉత్తరాన ఉన్నది ఒకటిన్నర డిగ్రీలే సుమండీ. ఇటువైపు పల్లెల్లో ఆ ఎరుపు కంటపడి ఉంటే ఆడవాళ్లు ముందు పశువుల తలుగులు విప్పి ఉంటారు. కాగితం మీద పెట్టేవారేరీ?

సూర్యుడు విసిరే విద్యుత్కణాలను భూమి అయస్కాంతశక్తి ధ్రువాలవైపు మళ్లిస్తుంది. అవి పైగాలిలోని ఆమ్లజనిని తాకితే నూరు కిలోమీటర్ల ఎత్తున ఆకుపచ్చ, రెండువందలు దాటితే ఎరుపు. కొండమీది గుడిదీపంలా ఎత్తున ఉన్న ఎరుపే దూరానికి కనబడుతుంది. 2024 మేలో లడఖ్‌లోని హాన్లేలోనూ ఎరుపే కనబడింది.

ఒక్కోసారి కంటికంటే ముందు సూదికి తెలుస్తుంది. 1859 సెప్టెంబరు 2న పట్టపగలే బొంబాయి కొలాబా పరిశోధనాలయంలో అయస్కాంత పరికరాలు కంపించిపోయాయి. హైదరాబాదులోనూ 1964 నుంచి అలాంటి కొలతలు తీస్తున్నారు.

కళ్లారా చూడాలంటే నార్వేలోని ట్రోమ్సోవంటి చోటికి, సెప్టెంబరు–మార్చి నెలల మధ్య, వెన్నెల లేని రాత్రి చూసుకుని వెళ్లాలి. నడివేసవిలో అక్కడ చీకటే పడదు. మన పిల్లల సెలవులేమో అప్పుడాయె!