చింతచెట్టు నిలిచింది, బురుజు నిలవలేదు

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఓ ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది ఊరి మీద పడ్డప్పుడు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికి బయటపడ్డారు.

ఆ రోజు సోమవారం. కుండపోత వానకు ఎగువన గొలుసుకట్టు చెరువులు వరసగా తెగాయి. మూసీ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221కి గండ్లు పడ్డాయని తర్వాత లెక్క తేలింది. పై చెరువు నీళ్లు మీద పడితే కింది కట్ట ఎంతసేపని ఆగుతుంది?

నీళ్లు తరుముకొస్తుంటే మనిషి కళ్లు ఎత్తునే వెతుకుతాయి. కొందరికి చెట్టు దొరికింది. ఇంకొందరు పేట్ల బురుజు ఎక్కారు. రాతి కట్టడం కదా, అదే గట్టిదనుకున్నారు. అక్కడికి చేరినవాళ్లను వందల సంఖ్యలో వరద ఊడ్చుకుపోయింది. చింతచెట్టు మాత్రం నిలిచింది. ఏది కాపాడుతుందో, ఏది ముంచుతుందో ఎక్కేటప్పుడు ఎవరికి తెలుసు?

మొత్తం మృతులు సుమారు 15,000 మంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కళ్లముందే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఇంట్లో మిగిలింది ఆయనొక్కడే. ఆ దుఃఖాన్ని ఆయన 'ఖయామత్-ఎ-సుగ్రా' అనే కవితగా రాశాడు. పాతబస్తీ జనం నోట ఈ వరద 'తుగ్యానీ సితంబర్'గా మిగిలింది.

రాజు కూడా మామూలు రాజులా ఉండలేకపోయాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జ్యోతిష్కుల మాట విని మూసీకి పూజ చేసి హారతి ఇచ్చాడని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిలువ నీడ లేనివాళ్ల కోసం ప్యాలెస్ తలుపులు తెరిపించాడు, వంటశాలలు పెట్టించాడు.

మొక్కులతో పాటు లెక్కలూ మొదలయ్యాయి. 1909లో ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను ఊరికి ఎగువనే ఆపాలన్నది ఆయన సలహా. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ జలాశయం 1920లో, హిమాయత్‌సాగర్ జలాశయం 1927లో పూర్తయ్యాయి. ఒకప్పుడు ఊరిని ముంచిన నీళ్లే ఊరికి తాగునీళ్లయ్యాయి.

కట్టలు లేచాక భయం పడుకుంది. పారే నీళ్లు తగ్గేకొద్దీ నదిలో ఖాళీ జాగా కనిపించసాగింది. తాతలు ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయిన చోటికే మనవలు ఇళ్లతో, దుకాణాలతో చేరుకున్నారు. గౌలిగూడలో మూసీ పాయల నడుమ మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వెలిసింది. 2020 అక్టోబర్‌లో మూసారాంబాగ్ వంతెన మునిగింది. 2025 సెప్టెంబర్ చివరి వారంలో జంట జలాశయాల గేట్లెత్తితే బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చి, రాత్రివేళ ప్రయాణికులను బయటికి చేర్చాల్సి వచ్చింది.

అక్కడి నుంచి చింతచెట్టు దాకా నడిచే వెళ్లొచ్చు.