ఋణశేషం

అగ్నిశేషాన్ని, శత్రుశేషాన్ని, ఋణశేషాన్ని మిగల్చరాదని మన పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. ఆర్పగా మిగిలిన నిప్పురవ్వ కొంపను కాల్చినట్లే, తీర్చగా మిగిలిన బాకీ సంసారాన్ని కాలుస్తుందని వారి అనుభవం. మన పల్లెలలో అప్పు తీరిన నాడు ఋణదాత నోటు వెనుక ‘చెల్లు’ అని వ్రాసి, ఆ కాగితాన్ని బాకీదారు చేతికి ఇచ్చేవాడు. దానిని ముక్కలుగా చించివేసి, ఆ రాత్రి నిశ్చింతగా నిద్రించిన గృహస్థులు ఎందరో ఉన్నారు. ఇరవయ్యవ శతాబ్దపు నడిమి కాలంలో ఒక కొత్త వ్యాపారం పుట్టినది. పెద్దలు మిగల్చవద్దన్న ఆ శేషమే దానికి పెట్టుబడి. నేడు క్రెడిట్ కార్డు అనే పేరుతో మన జేబులలోకి వచ్చిన ఆ వ్యాపారం ఎట్లా పుట్టినదో, ఎట్లా పెరిగినదో తెలుసుకుంటే, దాని బాకీనుంచి బయటపడే మార్గం కూడ తెలుస్తుంది.

మొదట ఒక భేదం గమనించాలి. 1950లో న్యూయార్క్ నగరంలో ఫ్రాంక్ మెక్‌నమారా, రాల్ఫ్ ష్నైడర్ అనేవారు డైనర్స్ క్లబ్ అనే సంస్థను ప్రారంభించారు. సభ్యుడు భోజనశాలలో తన కార్డు చూపి సంతకం చేసేవాడు. నెలాఖరున సంస్థ ఒక లెక్క పంపేది. సభ్యుడు ఆ మొత్తాన్ని పూర్తిగా చెల్లించవలసి ఉండేది. 1958లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ ప్రవేశపెట్టిన కార్డు కూడ ఈ తరహాదే. వీటిలో అరువు ఉన్నది గాని ఋణశేషం లేదు. మన వీధి చివరి కిరాణా కొట్టులో ఖాతా పెట్టి, జీతం రాగానే కట్టివేసే పద్ధతికి ఇది పట్టణపు రూపం, అంతే.

అసలు మలుపు అదే 1958వ సంవత్సరం సెప్టెంబరులో వచ్చినది. కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రెస్నో అనే ఊరిలో బ్యాంక్ ఆఫ్ అమెరికా దాదాపు 60,000 కార్డులను తపాలాలో ఇంటింటికీ పంపినది. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, ఎవరూ అడగలేదు. ఉదయం తపాలా విప్పిన గృహస్థుకు, కొన్ని వందల డాలర్ల పరపతి అప్పటికే మంజూరై చేతిలో ఉన్నది. ఈ కార్డులో అసలు విశేషం వేరు. నెలాఖరున లెక్క వచ్చినప్పుడు పూర్తిగా కట్టనక్కరలేదు. కొంత కట్టి, మిగిలినదానిని వచ్చే నెలకు జరుపుకోవచ్చు. ఆ మిగులుపై నెలకు నూటికి ఒకటిన్నర, అనగా ఏడాదికి 18 వంతున వడ్డీ. పెద్ద పెద్ద దుకాణాలు తమ ఖాతాదారులకు ఇటువంటి వెసులుబాటు అంతకు ముందే ఇస్తూ ఉండేవి. బ్యాంకు చేసిన పని ఏమంటే, ఒక దుకాణానికి పరిమితమైనదానిని ఊరంతటికీ విస్తరింపజేయడం.

ఇక్కడ ఒక కాకతాళీయాన్ని చెప్పకుండా ఉండలేను. ఫ్రెస్నోలో కార్డులు పంచిన నాలుగు నెలలకు, 1959 జనవరిలో, మన తెలుగు దేశంలో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో విజయావారి ‘అప్పుచేసి పప్పుకూడు’ చిత్రం విడుదలయినది. ఒక ఖండంలో అప్పు చేసి పప్పుకూడు తినడం బ్యాంకు పథకంగా రూపొందుతూ ఉండగా, మరొక ఖండంలో ఆ మాటనే పేరుగా పెట్టుకొని జనం హాయిగా నవ్వుకొన్నారు.

ఫ్రెస్నో ప్రయోగం తొలుత నష్టాలనే తెచ్చినది. నూటికి నలుగురు బాకీ ఆలస్యం చేస్తారని బ్యాంకు అంచనా వేయగా, ఆలస్యమైన ఖాతాలు నూటికి 22 అయినవి. దొంగలు కార్డులు కాజేశారు. మొదటి పదిహేను నెలలలో లెక్కకు తేలిన నష్టమే 88 లక్షల డాలర్లు. పథకాన్ని నడిపిన జోసెఫ్ విలియమ్స్ బ్యాంకును వదలి వెళ్లిపోయాడు. అయినా బ్యాంకు పథకాన్ని వదలలేదు; లోపాలు సవరించుకొని, 1961 నాటికి లాభాలు చూడగలిగినది. 1966లో ఇతర బ్యాంకులకు కూడ ఆ కార్డును నడిపే హక్కును అమ్మసాగినది. 1976లో ఆ కార్డుకు వీసా అనే పేరు వచ్చినది. అడగని వారికి కార్డులు పంపడాన్ని అమెరికా ప్రభుత్వం 1970లో చట్టం చేసి నిషేధించినది గాని, అప్పటికే ఆ అలవాటు కోట్ల ఇళ్లలో వేళ్లూనుకొన్నది.

వడ్డీకి కళ్లెం ఎట్లా ఊడినదో చెప్పుకోవాలి. అమెరికాలో పలు రాష్ట్రాలకు వడ్డీపై ఎవరి గరిష్ఠ పరిమితి వారికి ఉండేది. 1978లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. నెబ్రాస్కా రాష్ట్రంలోని బ్యాంకు మిన్నెసోటాలోని ఖాతాదారునికి కార్డు ఇస్తే, వర్తించవలసినది బ్యాంకు ఉన్న రాష్ట్రపు పరిమితియే గాని, బాకీదారు ఉన్న రాష్ట్రపు పరిమితి కాదని ఆ తీర్పు సారాంశం. దాని ఫలితం వెంటనే కనిపించినది. ద్రవ్యోల్బణం వల్ల తాను డబ్బు తెచ్చుకొనే వడ్డీయే పెరిగిపోయి న్యూయార్క్ నగరపు సిటీబ్యాంక్ ఇబ్బంది పడుతున్నది. దక్షిణ డకోటా రాష్ట్రం 1980లో తన పరిమితిని ఎత్తివేసినది. మరుసటి సంవత్సరమే ఆ బ్యాంకు తన కార్డుల వ్యాపారాన్ని ఆ రాష్ట్రంలోని సూ ఫాల్స్ అనే ఊరికి తరలించినది. ఇతర బ్యాంకులు అట్టి రాష్ట్రాలనే వెదుక్కొన్నవి. ఇంకొక మార్పు చడీచప్పుడు లేకుండా జరిగినది. నెలకు కట్టవలసిన కనీసపు మొత్తం బాకీలో నూటికి అయిదు వంతులుగా ఉండేది. పలు బ్యాంకులు దానిని క్రమంగా రెండు వంతులకు దించాయి. బాకీదారుకు అది దయగా కనిపించినది. నిజానికి అది శేషాన్ని పొడిగించే ఉపాయం. నెలనెలా పూర్తిగా కట్టివేసే ఖాతాదారుణ్ణి కార్డు వ్యాపారులు తమలో తాము వేళాకోళంగా ‘ఎగవేతగాడు’ అనే అర్థం వచ్చే మాటతో పిలుచుకొనేవారు. అప్పు ఎగవేసినవానికి లోకం ఇచ్చే పేరు, అప్పు తీర్చినవానికి అక్కడ దక్కినది!

మన దేశానికి ఈ కార్డు ఆలస్యంగా వచ్చినది. 1980లో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా ఒక కార్డును ప్రవేశపెట్టగా, 1981లో ఆంధ్రా బ్యాంకు ఆ దారిలో అడుగు పెట్టినది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన బ్యాంకు అది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయినది. దేశంలో క్రెడిట్ కార్డుకు తొలిబాట వేసినవారిలో మన తెలుగువారి బ్యాంకు ఒకటి కావడం గమనింపదగినది.

తెలుగువారికి వడ్డీ బాధ కార్డుతో మొదలయినది కాదు. రైతుల ఋణబాధకు విరుగుడు వెదకడానికి మద్రాసు ప్రభుత్వం నియమించిన ఫ్రెడరిక్ నికల్సన్, ఐరోపాలోని సహకార పరపతి పద్ధతులను పరిశీలించి 1895, 1897 సంవత్సరాలలో నివేదిక సమర్పించాడు. ఆ ఆలోచనల ప్రభావంతో 1904లో సహకార సంఘాల చట్టం వచ్చినది. 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గం మద్రాసు రాష్ట్రంలో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టం చేసినది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచి ఉన్న వడ్డీని ఆ చట్టం రద్దు చేసినది. అట్టి అప్పులో అసలుకు రెట్టింపు అప్పటికే చెల్లించి ఉన్న రైతుకు బాకీ తీరినట్లే. వడ్డీ అసలును మించి పెరగరాదన్న మన ధర్మశాస్త్రాల పాత నియమపు నీడ ఇందులో కనిపిస్తుంది. చట్టం తరువాత చేసిన అప్పుకు రూపాయికి నెలకు ఒక పై మాత్రమే వడ్డీ. అనగా ఏడాదికి నూటికి ఆరుంబావు.

ఇప్పుడు కార్డు వడ్డీని మన పల్లె లెక్కలో చూద్దాం. మనవాళ్లు ‘నూటికి రూపాయి వడ్డీ’, ‘రెండు రూపాయల వడ్డీ’ అంటారు, అది నెలకు. మూడు రూపాయల వడ్డీ అడిగినవాణ్ణి ఊరు దుర్మార్గుడంటుంది. మన దేశంలో పలు క్రెడిట్ కార్డులపై వడ్డీ నెలకు నూటికి మూడున్నర రూపాయలు లేక ఆ చుట్టుపట్ల ఉంటుంది. ఏడాదికి 42 అన్నమాట. అందమైన కాగితంపై అచ్చయి రావడం వల్ల ఆ వడ్డీ మన కంటికి వడ్డీగా కనిపించదు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఏడాదికి నూటికి 30 మించిన కార్డు వడ్డీ అన్యాయమైన వ్యాపార పద్ధతి అని తీర్పు చెప్పినది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆ తీర్పును కొట్టివేసినది. కనుక ఈ విషయంలో గృహస్థు తన రక్షణ తానే చూసుకోవాలి.

ఒక లెక్క చూడండి. కార్డుపై 50,000 రూపాయల బాకీ ఉన్నది. నెలకు మూడున్నర వడ్డీ. ప్రతి నెలా నిల్వలో నూటికి అయిదు వంతుల కనీసపు మొత్తమే కడుతున్నాము. కార్డుతో కొత్తగా ఏమీ కొనలేదు. మొదటి నెల కట్టినది సుమారు 2,600. అందులో 1,750 వడ్డీకే పోయినది. ఇట్లా పన్నెండు నెలలు కట్టితే మన చేతినుంచి వెళ్లినది సుమారు 28,300. తగ్గిన బాకీ మాత్రం సుమారు 9,200. ఇంకా 40,800 నిలిచే ఉన్నది. అదే కుటుంబం కష్టపడి నెలకు 5,000 వంతున మార్పు లేకుండా కట్టితే పదమూడవ నెలలో బాకీ పూర్తిగా తీరిపోతుంది. కట్టిన మొత్తం సుమారు 62,600. వడ్డీపై పడే పన్నును నేను లెక్కలోనికి తీసుకోలేదు. దానిని కలిపితే భారం ఇంకా పెరుగుతుంది. రెండు దారులకూ భేదం మొదటి నెల సుమారు 2,400 రూపాయలే. ఒక దారిలో ఏడాది గడిచేసరికి బాకీ తీరే అంచుకు చేరుతాము. రెండవ దారిలో ఇంచుమించు బయలుదేరిన చోటనే ఉంటాము.

కనుక బాకీ తీర్చదలచిన గృహస్థు మొదట చేయవలసిన పని, ఆ కార్డుతో కొనుగోళ్లు నిలిపివేయడం. పాత శేషం ఉన్నంతకాలం కొత్త కొనుగోలుకు వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న నాటినుంచే వడ్డీ నడుస్తుంది. రెండవది, బ్యాంకు చెప్పిన కనీసాన్ని మరచిపోయి, ఇంటి ఆదాయాన్నిబట్టి ఒక నిలకడ అయిన మొత్తాన్ని నిర్ణయించుకోవడం. జీతం రాగానే, బియ్యానికి, అద్దెకు, పిల్లల చదువుకు తీసిపెట్టినట్లే దానిని తీసి పెట్టాలి. రెండు మూడు కార్డులు ఉంటే అన్నిటికీ కనీసం కడుతూ, ఎక్కువ వడ్డీ గలదానిపై మిగిలిన బలమంతా పెట్టడం లెక్క ప్రకారం లాభం. చిన్న బాకీని ముందు తీర్చివేసి, ఆ ఉత్సాహంతో పెద్దదానిపైకి పోయేవారూ ఉన్నారు; మనస్సు నిలబడడానికి అదీ మంచిదే. మూడవది, ఎక్కువ వడ్డీ అప్పును తక్కువ వడ్డీ అప్పుగా మార్చుకోవడం. ఇంటిలో ఉన్న బంగారంపై బ్యాంకు ఇచ్చే అప్పుకు వడ్డీ కార్డు వడ్డీకన్న ఎంతో తక్కువ. అయితే నగ కుదువ పెట్టి కార్డు ఖాళీ చేసి, మళ్లీ ఆ కార్డునే నింపినవారికి బాకీలు రెండవుతాయి, నగ పోతుంది.

వీటన్నిటికన్న ముందు ఇంటిలో ఒకరికొకరు నిజం చెప్పుకోవాలి. బాకీ సంగతి భార్యకు తెలియకుండా భర్త, భర్తకు తెలియకుండా భార్య, తల్లిదండ్రులకు తెలియకుండా కొడుకు దాచడం వల్లనే అది పెరుగుతుంది. అప్పు పడడం నేరం కాదు. ఆసుపత్రి ఖర్చుకో, ఉద్యోగం పోయిన నెలలలోనో కార్డు గీసిన వారు ఎందరో ఉన్నారు. దాచినంతకాలం ఆ భారం ఒక్కరిదే. చెప్పిన నాడు నలుగురూ ఆలోచన చేస్తారు.

చట్టం కూడ కొంత తోడు వస్తుంది. అమెరికాలో 2009లో వచ్చిన చట్టం ప్రకారం, కనీసమే కట్టితే బాకీ ఎన్ని ఏళ్లకు తీరుతుందో, మూడేళ్లలో తీర్చాలంటే నెలకు ఎంత కట్టాలో ప్రతి లెక్కలోనూ అచ్చువేయాలి. మన రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాలు అడగనివారికి కార్డు పంపరాదన్నవి. కనీసమే కడుతూ పోతే చక్రవడ్డీతో బాకీ ఏళ్ల తరబడి సాగుతుందని లెక్కలో హెచ్చరించాలన్నవి. బాకీ తీరిన ఖాతాదారు కార్డు మూసివేయమని కోరితే ఏడు పనిదినాలలో మూయాలి. ఆలస్యమైతే మూసేవరకు రోజుకు 500 రూపాయల వంతున బ్యాంకే ఖాతాదారునికి చెల్లించాలి.

కార్డు ఉండడమే తప్పని నేను అనడం లేదు. గడువులోగా మొత్తం కట్టివేసేవానికి అది కిరాణా కొట్టు ఖాతావంటిదే. కాని ఒకసారి శేషం మిగిల్చి, ఏళ్ల తరబడి బాధపడి తీర్చినవారు ఆ కార్డును మూసివేయడమే మేలు. మూసివేసిన తరువాత బ్యాంకునుంచి బాకీ లేదన్న పత్రం వ్రాతమూలకంగా తీసుకోండి. పూర్వం చించివేసిన నోటుకు బదులు నేడు మనకు మిగిలే చెల్లు అదే. దానిని ఇంటి దస్తావేజులతో కలిపి భద్రపరచండి.