బండి ఒకరిది, ఇంజను ఒకరిది

మోటారు సైకిలునకు పేరు పెట్టువాడు సాధారణముగా దానిని తయారుచేసిన కర్మాగారపు యజమాని. ఏ కర్మాగారమునుండియు వెలువడకయే, ఏ యజమానియు నామకరణము చేయకయే ప్రసిద్ధికెక్కిన వాహన మొకటి ఇంగ్లండులో కలదు. దాని పేరు ట్రైటన్. ట్రయంఫ్ అను పేరిలోని మొదలును, నార్టన్ అను పేరిలోని తుదియు కలిపి ఈ పేరు కూర్చిరి. గ్రీకు పురాణములలో ట్రైటన్ సముద్రదేవుని కుమారుడు. నడుమునకు పైన మనుష్యుడు, క్రింద చేప. ఒకరి చట్రములో మరియొకరి ఇంజను నిలిపిన ఈ బండికి ఇంతకంటె తగిన పేరు దొరకదు. పేరు పెట్టినవారికి ఆ పురాణము తెలిసియుండెనో లేదో మాకు సందేహమే.

ఇట్టి మార్పును పడుచువాండ్ర వేగపు పిచ్చిగా తలచుట కలదు. చరిత్రను కొంచెము తరచి చూచినచో దీని పుట్టుకకు ఒక వ్యాపార సంస్థ యొక్క పట్టుదలయే మూలమని తేలును.

నార్టన్ వారి కర్మాగారము బర్మింగుహాము నగరమున బ్రేస్‌బ్రిడ్జి వీథిలో నుండెను. రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికి వారి పందెపు బండ్లకు ఇంజను మేలైనదే కాని చట్రము కాలము చెల్లినది. రౌతులు దానిని ‘తోట గేటు’ అని ఎగతాళి చేయుచుండిరి. అప్పుడు బెల్‌ఫాస్టు వాసులైన రెక్స్, క్రోమీ మెక్కాండ్లెస్ సోదరులు క్రొత్త చట్రమును రూపొందించిరి. ఉక్కు గొట్టములను రెండు పెద్ద చుట్లుగా వంచి, ఆ చుట్ల కొనలు హాండిలు కడ ఒకదానినొకటి దాటిపోవునట్లు అతికిరి. అంతే. చూచుటకు ఇంత సులభమైన పనిని అంతవరకు ఎవరును చేయలేదు. 1950లో మాన్ ద్వీపమున జరిగిన సీనియరు, జూనియరు పందెములు రెంటను మొదటి మూడు స్థానములును నార్టన్ బండ్లకే దక్కెను. సీనియరు పందెమున గెలిచినవాడు జెఫ్ డ్యూక్. హెరాల్డ్ డేనియల్ అను రౌతు ఆ బండిపై స్వారి ఈకల పరుపుపై పవళించినట్లున్నదని మెచ్చుకొనగా, ఆ చట్రమునకు ‘ఫెదర్‌బెడ్’ అను పేరు స్థిరపడెను.

ఆ రోజులలోనే ఇంగ్లండున మరియొక క్రీడ వ్యాపించెను. యుద్ధానంతరము చేతిలో డబ్బు తక్కువైనవారు మోటారు సైకిలు ఇంజనును బిగించి 500 సి.సి. చిన్న పందెపు కార్లను కట్టసాగిరి. 1950లో దీనికి ఫార్ములా 3 అను అంతర్జాతీయ హోదా లభించెను. కాలక్రమమున నార్టన్ వారి మాంక్స్ ఇంజను లేనిదే గెలుపు దుర్లభమని అందరకు తెలిసిపోయెను. కాని నార్టన్ వారు ఇంజనును విడిగా అమ్ముటకు నిరాకరించిరి. కావలసినవాడు మోటారు సైకిలు మొత్తమును కొనవలసినదే. కార్లవారు అట్లే కొనిరి. ఇంజనును ఊడదీసికొని తక్కినదానిని వచ్చిన ధరకు వదలుకొనిరి. ఈ విధముగా ప్రపంచములోకెల్ల మేలైన మోటారు సైకిలు చట్రములు గుండె లేని శరీరములై అమ్మకమునకు వచ్చెను.

ట్రయంఫ్ వారి స్థితి దీనికి తలక్రిందులు. తరువాత కోవెంట్రీ దాపున మెరిడెన్‌కు మారిన ఆ సంస్థకు 1937లో ఎడ్వర్డ్ టర్నర్ 500 సి.సి. తరగతి జంట సిలిండర్ల ఇంజనును సమకూర్చెను. 1949లో అది 650 సి.సి.కి పెరిగెను. ఇంజను తేలిక, విడిభాగములు సులభముగా దొరకును, బలము పెంచుకొనుటకు అనువైనది. కాని వారి చట్రము ఆ బలమునకు తాళలేక మలుపులలో ఊగులాడును. ఇక జరుగవలసినది జరిగెను. నార్టన్ వారికి స్వంత జంట సిలిండర్ల ఇంజను లేకపోలేదు. దానిని ఫెదర్‌బెడ్ చట్రములో నిలిపి డామినేటర్ అను పేర అమ్మిరి కూడ. మాంక్స్ చట్రములు కరవైనపుడు ఆ డామినేటర్లను సైతము విప్పి ట్రయంఫ్ ఇంజనులను నిలిపిరనిన, కొనువారి అభిప్రాయమేమో వేరుగ చెప్పనక్కరలేదు.

పని చెప్పినంత తేలిక కాదు. 500 సి.సి. ఒంటి సిలిండరు ఉన్న తావున 650 సి.సి. ఇంజనును కూర్చుండబెట్టవలెను. మరల రంధ్రములు ఒకటియు కలియవు. చట్రమును కోసినచో దాని గుణము పోవును. కావున దళసరి అల్యూమినియము మిశ్రలోహపు పలకలను కోసి, ఆకురాతితో అరుగదీసి, వాని నడుమ ఇంజనును వ్రేలాడదీయుదురు. ఇంజను కొంచెము వెనుకకు జరిగినను ముందు చక్రముపై బరువు తగ్గి మలుపులో పట్టు తప్పును. ఇంజను పండ్లచక్రమును, క్లచ్చి పండ్లచక్రమును ఒకే గీతపై నుండవలెను. లేనిచో గొలుసు త్వరగా అరిగిపోవును. 1962 వరకు 650 సి.సి. ట్రయంఫ్‌లో గేరుబాక్సు వేరుగ నుండుటచే నార్టన్ గేరుబాక్సునే నిలుపుకొనుట సాధ్యమయ్యెను. అన్నిటికంటె చిక్కు అదురు. ఈ ఇంజనులో రెండు పిస్టనులును ఒక్కసారే లేచి ఒక్కసారే దిగును. ఆ అదురును పరాయి చట్రము ఏ వేగమున ఎట్లు గ్రహించునో నడిపి చూచినగాని తెలియదు. ఇంజను తలను చట్రమునకు బిగించు చిన్న పట్టీని అలక్ష్యము చేసినవారికి పెట్రోలు టాంకి పగిలి బుద్ధి చెప్పెడిది.

నేర్పరి కట్టినదియు ట్రైటనే, నేర్పు లేనివాడు కట్టినదియు ట్రైటనే. లండను ఉత్తర వలయ మార్గమునందలి ఏస్ కాఫీశాల వద్ద ఇవి రెండును ప్రక్కప్రక్కనే నిలిచెడివి. గంటకు నూరు మైళ్లు, అనగా 160 కిలోమీటర్లు, అందుకొనుట ఆ పడుచువాండ్రకు పట్టాభిషేకము వంటిది. ఊరి వెలుపలి రహదారులపై 1965 డిసెంబరు వరకు వేగమునకు హద్దు లేదు. శిరస్త్రాణము 1973 వరకు నిర్బంధము కాదు. ఇండ్లకు తిరిగి రానివారు కలరు. ఏస్ కాఫీశాలను గురించి వినోదముగా చెప్పు కథలలో వారి ప్రస్తావన తక్కువ.

నేర్పరులలో డేవ్ డెగెన్స్ పేరు చెప్పవలెను. డ్రెస్డా అను తన చిన్న దుకాణమునుండి వెలువడిన ట్రైటన్‌పై 1965లో ఆయన, రెక్స్ బుచర్ కలిసి బార్సిలోనా నగరపు 24 గంటల పందెమును గెలిచిరి. రెండు పెద్ద కర్మాగారముల సామగ్రితో ఒక చిన్న దుకాణము సాధించిన విజయమిది.

ఆ కర్మాగారములు మాత్రము కలియలేదు. ట్రయంఫ్ 1951లో బి.ఎస్.ఏ. వారి వశమయ్యెను, నార్టన్ 1953లో వేరొక సంస్థ చేతికి పోయెను. జపాను బండ్లు వచ్చిపడి ఇరువురకును మునక తప్పని దశలో, 1973లో, ప్రభుత్వ ధనసహాయముతో రెంటిని ఒక్క సంస్థగా ముడివేసిరి. వెంటనే మెరిడెన్‌ను మూసివేయుదుమని యాజమాన్యము ప్రకటింపగా కార్మికులు ద్వారముల కడ బైఠాయించిరి. 1975 నుండి సహకార సంఘముగా నడపిరి. 1983లో అదియు ముగిసెను. వాడుకరులు ఇరువది యేండ్ల పూర్వమే పెరటి కొట్టములలో జరిపిన పెండ్లిని యజమానులు మరణశయ్యపై జరిపిరని మాకు తోచును.

తరువాత ట్రయంఫ్ పేరు హింక్లీలో మరల బ్రతికెను. 2020లో నార్టన్ పేరును మన మద్రాసు వారగు టి.వి.ఎస్. సంస్థ కొనెను; 2023 నుండి ట్రయంఫ్ వారి 400 సి.సి. బండ్లు పుణె దాపున చాకణ్‌లో బజాజ్ వారి కర్మాగారమున తయారు కాసాగెను.

ఇక మాంక్స్ ఇంజను మాట. పాతవాని కొరత చూచి, దానిని పాత నమూనా ప్రకారమే క్రొత్తగా పోతపోసిన పనివారు ఇంగ్లండులోనే బయలుదేరిరి. వారు దానిని విడిగా కూడ అమ్మిరి.