మత్తు నుంచి ఆలస్యంగా మేలుకోవడం

శస్త్రచికిత్స ముగిసి మత్తుమందు ఆపిన తర్వాత 30 నుంచి 60 నిమిషాలు గడిచినా రోగికి స్పృహ రాకపోవడాన్ని ఆలస్యపు మేలుకోలు అంటారు. ఎక్కువ సందర్భాల్లో కారణం ఒంట్లో మిగిలిన మందే. వృద్ధుల్లోనూ, కాలేయ, మూత్రపిండ వ్యాధులున్నవారిలోనూ ఓపియాయిడ్లు, బెంజోడయజెపైన్లు నెమ్మదిగా విసర్జితమవుతాయి. రక్తంలో చక్కెర లేదా సోడియం పడిపోవడం, కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం, శరీరం చల్లబడటం ఇతర కారణాలు.

నాడీ సంబంధ కారణాలు అరుదు. అయితే మత్తు చాటున అవి తేలిగ్గా మరుగున పడతాయి. మెదడులో రక్తస్రావమైతే ఒక కంటిపాప పెద్దదై వెలుతురుకు ముడుచుకోకపోవచ్చు. ఓపియాయిడ్ల ప్రభావంలో రెండు పాపలూ సూదిమొనలంత అవుతాయి. కుదుపులు లేకుండా కొనసాగే మూర్ఛ పైకి గాఢనిద్రలాగే ఉంటుంది. దాన్ని నిర్ధారించేది ఈఈజీ పరీక్షే. గుండె, కరోటిడ్ ధమని శస్త్రచికిత్సల తర్వాత పక్షవాతం అనుమానం ఉంటే సీటీ స్కాన్ తీస్తారు.

స్పృహ వచ్చినా కండరాలు కదలని స్థితి కూడా ఇలాగే కనబడుతుంది. కండరాలను సడలించే మందైన సక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుగా 10 నిమిషాల్లో తగ్గిపోతుంది; సూడోకోలినెస్టరేజ్ ఎంజైమ్ లోపముంటే గంటల తరబడి నిలుస్తుంది. వంశపారంపర్యమైన ఈ లోపం ఆర్యవైశ్యుల్లో ఇతరుల కంటే ఎక్కువ. నరాల ఉద్దీపన పరికరంతో కండరాలు కదలని స్థితిని గుర్తించి, కండరాల బలం తిరిగి వచ్చేదాకా వెంటిలేటర్‌నూ నిద్రమందునూ కొనసాగిస్తారు.