ఈటన్ మెస్సు, మా హాస్టల్ మెస్సు

'మెస్' అన్న మాట వినగానే మీకేం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం నీళ్ల సాంబారు, స్టీలు బకెట్లో అన్నం, నెలాఖరున నోటీసు బోర్డుకి అంటించే బిల్లు గుర్తొస్తాయి. ఎంటెక్ కంప్యూటర్ సైన్స్ చదివిన రెండేళ్లూ ఆ కూడే తిన్నాను. అందుకని 2006 జూన్‌లో, ఇంగ్లండ్ వచ్చిన మొదటి వేసవిలో, టీమ్ లంచికి తీసుకెళితే మెనూ చివర 'ఈటన్ మెస్' అని చూసి ఉలిక్కిపడ్డాను. ఇక్కడికి కూడా వెంటపడి వచ్చిందా ఇది అనుకున్నాను.

వచ్చింది వేరే. గాజు కప్పులో ఎర్రటి స్ట్రాబెర్రీ ముక్కలు, గిలక్కొట్టిన మీగడ, మధ్యలో తెల్లటి గుల్లబిళ్లల విరుగుళ్లు. ఆ గుల్లబిళ్లని మెరాంగ్ అంటారు. గుడ్డు తెల్లసొనని పంచదారతో కలిపి నురగలా గిలక్కొట్టి, సన్నటి వేడిమీద ఎండబెడతారు. నోట్లో పెట్టుకుంటే ముందు వడియంలా కరకరమంటుంది, ఆ వెంటనే పీచుమిఠాయిలా మాయమవుతుంది.

పక్కన కూర్చున్న ఇంగ్లీషు సహోద్యోగి దాని కథ కూడా చెప్పాడు. 1920లలో ఈటన్ స్కూలు క్రికెట్ మ్యాచికి ఎవరో పిక్నిక్ బుట్టలో పావ్‌లోవా తీసుకెళుతున్నారట. పావ్‌లోవా అంటే మెరాంగ్‌ని పెద్ద కేకులా కాల్చి పైన మీగడ, పళ్లు పరిచేది. కారులో ఉన్న లాబ్రడార్ కుక్క దాని మీద కూర్చుందట. పారెయ్యడానికి మనసొప్పక ఆ చితికినదాన్నే గిన్నెల్లోకి ఎత్తి వడ్డించారట. అదే ఈటన్ మెస్ అట. కుక్క ముట్టిన కుండని మనం పెరట్లో పారేస్తాం, వీళ్లు దానికి ఘనమైన స్కూలు పేరు పెట్టి మెనూలో పెట్టారు కదా అని నవ్వుకున్నాను. నమ్మాను కూడా.

మళ్లీ ఆ కుక్క సంగతి పోయిన వేసవిలో ఎదురైంది. మేం ఉండేది స్లౌలో. ఈటన్ మా ఇంటినుంచి రెండు మైళ్లు. పదేళ్ల మా అమ్మాయికి స్కూల్లో 'మా ఊరి వంట' అని చరిత్ర ప్రాజెక్టు ఇచ్చారు. అది ఈటన్ మెస్ గురించి రాసి, కుక్క బొమ్మ వేసి, తెనాలినుంచి వచ్చి మా దగ్గరే ఉన్న వాళ్ల నానమ్మకి చదివి వినిపించింది. అమ్మ అంతా విని, "మా ఊరి వంటంటే ఇదేనా తల్లీ?" అంది. మామూలుగానే అంది. కానీ ఆ రాత్రి పెరుగన్నం సగం వదిలేసి లేచిపోయింది.

అటు కూతురిదీ తప్పు కాదు. అది పుట్టింది ఇక్కడే, దాని ఊరు ఇదే. ఇటు అమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు. ఇరవయ్యేళ్లుగా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పొట్టపోసుకునేవాణ్ణి కనుక, ఈ వంటకంలో ఏ ముక్క ఎప్పుడు, ఎక్కణ్నుంచి వచ్చి చేరిందో చూద్దామని కూర్చున్నాను.

ముందు కుక్క పోయింది. 1893లో లండన్ మార్ల్‌బరో హౌస్‌లో విక్టోరియా రాణి వచ్చిన గార్డెన్ పార్టీ వంటకాల్లోనే 'ఈటన్ మెస్' ఉంది, సగం ఇంగ్లీషు, సగం ఫ్రెంచి పేరుతో. పావ్‌లోవాకి ఆ పేరు రష్యన్ నర్తకి అన్నా పావ్‌లోవా వల్ల వచ్చింది. ఆవిడ ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ యాత్ర చేసింది 1926లో. ఇంకా పుట్టని వంటకం మీద కుక్క ఎలా కూర్చుంటుంది? పైగా 1930లలో ఈటన్ స్కూలు చిరుతిళ్ల కొట్లో ఈ పేరుతో అమ్మింది స్ట్రాబెర్రీలో అరటిపళ్లో, వాటి మీద ఐస్‌క్రీమో మీగడో. మెరాంగ్ ఆ తర్వాత వచ్చి చేరింది. అంటే ఇవాళ ఏది లేకపోతే అది ఈటన్ మెస్సే కాదంటారో, ఆ ముక్కే కొత్తగా వచ్చినది. అరటిపళ్లూ మీగడా అయితే మా అమ్మ చిన్నప్పుడు నాకూ పెట్టింది, దానికి పేరేమీ పెట్టలేదంతే.

ఈటన్ గురించి ఒక్కమాట. 1440లో ఆరో హెన్రీ రాజు డెబ్భై మంది పేదపిల్లలకి ఉచితంగా చదువు చెప్పించడానికి పెట్టిన బడి అది. ఇవాళ అక్కడ ఫీజు ఏడాదికి 60 వేల పౌండ్లు దాటింది. హారో స్కూలుతో వాళ్ల క్రికెట్ పోటీ 1805లో మొదలైంది, ఆ మొదటి మ్యాచిలో హారో తరఫున కవి బైరన్ ఆడాడు. ఈ వంటకం ఆ మ్యాచి రోజుదని వాడుక. 2022లో లార్డ్స్ మైదానంనుంచి ఆ పోటీని తప్పిస్తామంటే క్లబ్బు సభ్యులు పెద్ద గొడవ చేసి ఆపించారు. తాతల నేతుల వాసన ఎక్కడైనా అంత తొందరగా పోదు.

స్ట్రాబెర్రీ కథ ఇంతకన్నా రుచిగా ఉంది. ఇంగ్లండ్ అడవుల్లో పూర్వంనుంచీ ఉన్నది చిటికెనవేలి గోరంత పండు. దాన్ని మీగడతో తినడం పాత అలవాటే. 1542లో ఆండ్రూ బోర్డ్ అనే వైద్యుడు, పచ్చిమీగడతో ఈ పళ్లు తినడం పల్లెటూరివాళ్ల విందు అనీ, దాంతో ప్రాణంమీదికి తెచ్చుకున్నవాళ్లని చూశాననీ రాశాడు. ఇవాళ మనం తినే పెద్ద పండు అది కాదు. 1712లో పద్నాలుగో లూయీ రాజు అమెదే ఫ్రాన్స్వా ఫ్రేజియే అనే ఇంజనీరుని దక్షిణ అమెరికాలోని స్పానిష్ కోటల వివరాలు కనుక్కు రమ్మని పంపాడు. వేగు పని మీద వెళ్లిన ఆయన చిలీలో కోడిగుడ్డంత స్ట్రాబెర్రీలు చూశాడు. 1714లో తిరిగొచ్చేటప్పుడు మొక్కలు తెచ్చాడు. ఆరునెలల ఓడ ప్రయాణంలో, తాగేనీళ్లే కరువైన చోట, బతికినవి ఐదు. తీరా చూస్తే అవన్నీ ఆడమొక్కలు. పూశాయి గానీ కాయలేదు. పక్కన ఉత్తర అమెరికానుంచి వచ్చిన వర్జీనియా స్ట్రాబెర్రీ నాటిన చోట మాత్రం కాశాయి. ఆ సంకరంనుంచే ఇప్పటి పండు పుట్టిందని 1766లో దుషేన్ అనే కుర్రాడు పుస్తకం రాసి తేల్చాడు. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్లు లేవు. మూడు ఖండాలు కలిస్తే గానీ ఈ 'ఇంగ్లీషు' పండు తయారవలేదన్నమాట.

ఇంగ్లండ్‌లో దానికి పేరు తెచ్చింది మైకేల్ కీన్స్, ఐజిల్‌వర్త్‌లో కూరగాయలు, పళ్లు పండించే రైతు. ఐజిల్‌వర్త్ అంటే మన తెలుగువాళ్లు బోలెడంత మంది ఉండే హౌన్‌స్లో పక్కనే, హీత్రో విమానాలు నెత్తిమీద పోయే చోటు. ఆయన పెంచిన 'కీన్స్ సీడ్లింగ్' రకానికి 1821లో హార్టికల్చరల్ సొసైటీ వెండి కప్పు ఇచ్చింది. ఆ పళ్లని లండన్ కోవెంట్ గార్డెన్ బజారుకి ఎవరు చేర్చారో తెలుసా? బండిలో వేస్తే కుదుపులకి పళ్లు నలిగిపోతాయి. అందుకని ష్రాప్‌షైర్‌నుంచీ వేల్స్‌నుంచీ వేసవి కూలికి వచ్చిన ఆడవాళ్లు బరువైన బుట్టలు నెత్తిన పెట్టుకుని సుమారు పది మైళ్లు నడిచేవాళ్లు. దించి, మళ్లీ నడిచి వెనక్కి. ఇది చదివినప్పుడు నాకు తెనాలిలో మా వీధిలో తెల్లారకముందే గంపతో తిరిగే మామిడిపళ్ల ఆవిడ గొంతు వినిపించింది.

ఇప్పుడు గంపలు లేవు, వీసాలున్నాయి. మే నెలనుంచి శరత్కాలం దాకా పండించే ప్లాస్టిక్ సొరంగాల కింద పళ్లు కోసేవాళ్లలో చాలామంది కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్, నేపాల్ లాంటి చోట్లనుంచి సీజనల్ వర్కర్ వీసా మీద వచ్చేవాళ్లు. ఆ పద్ధతి 2019లో మొదలైంది. పళ్ల కోతకి వచ్చినవాళ్లు ఆరు నెలలకి మించి ఉండకూడదు, భార్యాబిడ్డల్ని తెచ్చుకోకూడదు, ఎన్నేళ్లు వచ్చినా స్థిరపడే హక్కు రాదు. నేను 2005లో వచ్చింది హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ అనే గొప్ప పేరున్న వీసా మీద. నైపుణ్యం లెక్క ఎవరు ఎలా కట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పండు నలగకుండా రోజంతా వంగి కొయ్యడం నాకు గంటసేపు కూడా చేతకాలేదు. పిల్లతో తోటకి వెళ్లి ప్రయత్నించే చెబుతున్నాను.

మెరాంగ్ సంగతికొస్తే, ఫ్రెంచి రచయిత మసియాలో ఆ పేరుని అచ్చులో వాడింది 1692లో. కానీ పని అంతకు ముందే జరిగింది. 1604 నాటి చేతిరాత పుస్తకంలో, ఆనాటి బర్క్‌షైర్‌లోని యాపిల్టన్‌లో ఉన్న ఎలినోర్ ఫెటిప్లేస్ అనే ఇల్లాలు 'తెల్ల బిస్కెట్ రొట్టె' రాసుకుంది. పన్నెండు గుడ్ల తెల్లసొన, పౌనున్నర పంచదార, గుప్పెడు పిండి, కాస్త దంచిన సోంపు. లెక్క కట్టి చూశాను. గుడ్డుకి దాదాపు 57 గ్రాముల పంచదార. ఇవాళ్టి వంట పుస్తకాలు చెప్పేదీ ఇంచుమించు అంతే. నాలుగు వందల ఏళ్లుగా మార్చాల్సిన అవసరం రాని కొలత! నా వృత్తిలో నాలుగేళ్లు నిలిచింది చూడలేదు.

ఆ పంచదార ఎక్కడిదన్నది మాత్రం తియ్యటి సంగతి కాదు. అది ఇంగ్లండ్‌లో ఇంటింటి వస్తువు అయింది కరీబియన్ తోటల్లో ఆఫ్రికన్ బానిసల చాకిరీతో. 1834లో బానిసత్వం రద్దు అమలయ్యాక, తోటల యజమానులు మనదేశం వైపు చూశారు. 1860 నవంబరులో మద్రాసునుంచి 'ట్రూరో' ఓడ దర్బాన్ చేరింది. నటాల్ చెరుకు తోటలకి ఒప్పందం మీద వెళ్లిన మొదటి జట్టు అది, అందులో తెలుగువాళ్లున్నారు. ఇక్కడ నిజాయితీగా ఒకమాట చెప్పాలి. 1893 నాటి విందులో పంచదార మనవాళ్లు నరికిన చెరుకుదే అనడానికి లేదు. 1874లో పంచదార సుంకం ఎత్తేశాక బ్రిటన్‌కి ఎక్కువగా వచ్చింది ఐరోపా బీట్ పంచదార. కథ బాగుంటుందని కలిపేస్తే నాకూ ఆ లాబ్రడార్ చెప్పినాయనకీ తేడా ఉండదు.

ఇక మిగిలింది 'మెస్'. గజిబిజి అన్న అర్థం ఆ మాటకి 19వ శతాబ్దంలో వచ్చింది. మొదట్లో పాత ఫ్రెంచిలో దాని అర్థం వంటింట్లోంచి పంపిన వడ్డన, ఒకరి వంతు తిండి. తర్వాత ఒకే పాత్రలోది పంచుకు తినే జట్టు. లండన్‌లో బారిస్టరు చదువుకునేవాళ్లు నలుగురేసి కూర్చుని భోంచేసే జట్టుని ఇప్పటికీ మెస్ అంటారు. గాంధీగారు తన ఆత్మకథలో ఈ విందుల గురించి రాశారు. నలుగురికి రెండు సీసాల వైన్ ఇచ్చేవాళ్లు, ఆయన తాగరు కనుక నాలుగోవాడిగా ఆయన్ని పిలవడానికి అందరూ పోటీపడేవాళ్లట. ఈటన్‌లో కూడా ఇద్దరు ముగ్గురు స్నేహితులు గదిలో కలిసి సాయంత్రం టీ తాగడాన్ని 'మెస్' చెయ్యడం అనే అంటారు. అందుకే ఈ వంటకం పేరులో ఉన్నది గజిబిజి కాదు, పంచుకునే వంతు అని నాకనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు ఆ పాత అర్థాన్ని సైన్యంలో, పాత విద్యాసంస్థల్లో ఓ మూల దాచుకున్నారు. మనం బజార్లో బోర్డు కట్టి బతికించాం. మా హాస్టల్లో ఉన్నది డివైడింగ్ మెస్. నెల ఖర్చంతా కూడి తలలతో భాగిస్తే ఎవరి బిల్లు వాళ్లది. ఆ మాటకి అసలు అర్థం అదే!

అమ్మకి ఇదంతా చెబుతుంటే పూర్తిగా వింది. చివర్న, "మెస్ బిల్లు కోసం నువ్వు ఉత్తరం రాసిన నెలలో మీ నాన్నగారు సైకిలు అమ్మేశారు, తెలుసా?" అంది. నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. సైకిలు ఎవరో ఎత్తుకుపోయారనే అనుకున్నాను.

చెయ్యడం తేలిక. నలుగురికి మూడు గుడ్ల తెల్లసొన, 175 గ్రాముల కాస్టర్ షుగర్. గిన్నెకి జిడ్డుగానీ పచ్చసొన చుక్కగానీ ఉండకూడదు, ఉంటే నురగ లేవదు. తెల్లసొన బాగా నురిగాక పంచదార చెంచా చెంచాగా వేస్తూ, వేళ్ల మధ్య రుద్దితే పలుకు తగలనంతవరకూ గిలక్కొట్టాలి. బేకింగ్ కాగితం మీద ముద్దలుగా పెట్టి 110 డిగ్రీల ఓవెన్‌లో గంటన్నర ఉంచి, ఆపేసి, అందులోనే చల్లారనివ్వాలి. 400 గ్రాముల స్ట్రాబెర్రీల్లో పావువంతు చెంచాడు పంచదారతో చిదిపి, మిగతావి ముక్కలు కొయ్యాలి. 300 మిల్లీలీటర్ల డబుల్ క్రీమ్‌ని మెత్తగా నిలబడేవరకే గిలక్కొట్టాలి, ఇంకాస్త కొడితే వెన్న అవుతుంది. అన్నీ కలపడం తినేముందే. ముందు కలిపితే మెరాంగ్ నీరుకారిపోతుంది. ఓపిక లేకపోతే కొట్లో మెరాంగ్ దొరుకుతుంది, తప్పేం లేదు.

అమ్మ గుడ్డు తినదు. దానికీ దారుంది. 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి గాయకుడు, ఉడికిన పప్పుగింజల నీళ్లు తెల్లసొనలాగే నురుగుతాయని చూపించాడు. ఏడాది తిరక్కుండానే డబ్బా శనగల నీళ్లతో ఉత్త పంచదార కలిపి మెరాంగ్ చేసేశారు. గుడ్డు తెల్లసొనకి బదులు రెండు పెద్ద చెంచాల నీళ్లు. కొట్టడానికి మాత్రం పది నిమిషాలకి పైగా పట్టింది. ఫెటిప్లేస్ గారి సోంపు చిటికెడు వేశాను. కాబూలీ శనగలు వృథా పోకుండా అమ్మ అల్లం, కొబ్బరి వేసి తాలింపు పెట్టింది. శనగల వాసన రావట్లేదని రెండుసార్లు చెప్పి, కప్పంతా తినేసింది. "తీపెక్కువ" అంది.

మా అమ్మాయి ప్రాజెక్టులో చిలీ, వర్జీనియా, బుట్టల ఆడవాళ్లు అన్నీ చేర్చింది. కుక్క బొమ్మ తీసెయ్యమంటే ఒప్పుకోలేదు. "అది నిజం కాదని కింద రాస్తాను నాన్నా, బొమ్మ ఉంచుతాను, బాగా వచ్చింది" అంది. వచ్చిందండీ, నిజంగానే. దాని పక్కన నానమ్మ చెప్పిన సైకిలు కూడా వేసింది.