బడిపిల్లల చేతికి రంగు తాడు ఎవరు కట్టారు?



తిరునెల్వేలి, తూత్తుకుడి వైపు కొన్ని బడులలో పిల్లలు చేతికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, కాషాయం తాళ్ళు కట్టుకొని వస్తారు. చూసేవాళ్ళకు అది దేవుడి తాడు. పిల్లలకు మాత్రం ఎవరిది ఏ కులమో అందులోనే తెలుస్తుంది. ఎవరితో కూర్చోవాలి, ఎవరితో ఆడాలి అన్నది ఆ రంగే చెబుతుంది.

ఇది పిల్లలు కనిపెట్టినది కాదు. 1957లో ముదుకులత్తూరు అల్లర్లు జరిగాయి. కలెక్టరు పిలిచిన శాంతి సమావేశం జరిగిన మరునాడే, సెప్టెంబరు 11న, పరమకుడిలో దళిత నాయకుడు ఇమ్మానువేల్ శేఖరన్‌ను చంపారు. 1995లో కొడియంకుళం అనే దళితుల ఊరిలో పోలీసులే ఇళ్ళలో దూరి సామాన్లు ధ్వంసం చేశారు. 1997లో బస్సు సంస్థకు పెట్టిన పేరు మీద గొడవలు చెలరేగితే, జిల్లాలకు, బస్సు సంస్థలకు ఉన్న నాయకుల పేర్లన్నీ ప్రభుత్వం తీసేసింది. బస్సు మీద పేరు పోయింది, మనసులో గీత పోలేదు. ఆ గీతే పిల్లల చేతిమీద తాడయింది.

2019లో ఈ తాళ్ళను ఆపమని విద్యాశాఖ సర్క్యులర్ పంపితే, రాజకీయంగా అభ్యంతరాలు లేచి, అది నిలబడలేదు. 2022 ఏప్రిల్‌లో అంబాసముద్రం ప్రాంతంలో తాడు మీద మొదలైన గొడవలో 12వ తరగతి పిల్లవాడి ప్రాణం పోయింది. 2023 ఆగస్టులో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే రాత్రి ఇంట్లో దూరి అరువాళ్ళతో, అంటే వేటకొడవళ్ళతో, నరికారు. అడ్డం వచ్చిన చెల్లెలికీ గాయాలయ్యాయి. అతడు చేసిన తప్పల్లా తనను వేధిస్తున్నారని బడిలో చెప్పడమే. ఆ పిల్లవాడు కోలుకొని మరుసటి ఏడాది 600కు 469 మార్కులు తెచ్చుకున్నాడు.

తరువాత ప్రభుత్వం నియమించిన జస్టిస్ కె. చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. తాళ్ళు, ఉంగరాలు, కులం తెలిపే బొట్లు వద్దన్నది. బడుల పేర్లలో కులం పేరు తీసేయమన్నది.

మేము గమనించిన సంగతి ఒకటి ఉంది. స్తోమత ఉన్న ఇంటి బిడ్డ దూరంగా ప్రైవేటు హాస్టల్లో చదువుకుంటాడు. కత్తి పట్టి బాలనేరస్థుడయ్యేదీ పేదవాడి బిడ్డే, ఆసుపత్రిలో పడేదీ పేదవాడి బిడ్డే. అందులోనూ దళితుల బిడ్డకు ఇల్లు కూడా భద్రం కాదని నాంగునేరి చూపించింది.

ఇందులో మనకేం పని అని ఎవరూ అనుకోవద్దు. తమిళనాట అరుంధతీయుల ఇళ్ళు ఎన్నింటిలోనో ఈనాటికీ తెలుగే మాట్లాడతారు. 2009లో ఎస్సీల 18 శాతంలో వాళ్ళకు 3 శాతం లోపలి రిజర్వేషన్ ఇచ్చింది, వాళ్ళు అంత వెనుక ఉన్నారనే. భాష పేరుతో నడిచే సంఘం మనది. కాబట్టి ఈ ఏడాది పుస్తకాల సాయం, ఉగాది పిలుపు ఆ వీధులకూ చేరాలని కోరుతున్నాము. భోజనాల పంక్తిలో మన పిల్లలు, వాళ్ళ పిల్లలు పక్కపక్కన కూర్చోవాలి. పిల్లలకు ముందే స్నేహం కుదిరితే, రేపు ఎవరైనా తాడు కట్టబోయినా చేయి వెనక్కి తీసుకుంటారు.